జగదాంబ ఎడమ చెయ్యి

మౌళి బ్లాగుకి నలభై ఒక్కమంది చదువరులు. అందులో ముప్పైమంది ఎప్పుడో పొరపాటున వేలు తగిలి వచ్చిపడ్డవాళ్లేనని అతనికి తెలుసు. అయినా రాస్తాడు. ఎనిమిదో తరగతిలో రేపల్లె బడి గోడ దూకి మద్రాసు రైలెక్కినవాడికి, నలభై తొమ్మిదో ఏట రాత పిచ్చి పట్టుకుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

బ్లాగు పేరు 'పఫ్ డబ్బా'. మౌళి సినిమాల్లో మేకప్ మనిషి కాబట్టి ఆ పేరు పెట్టాడు. మొహానికి రంగెలా పూస్తారో, చెమటకి కారకుండా ఏం తంటాలు పడతారో రాద్దామని మొదలెట్టాడు. నాలుగు వాక్యాలు బుద్ధిగా నడిచేవి. ఐదోది అడ్డం తిరిగేది. పాన్‌కేక్ అనే అడుగురంగు గురించి రాస్తూ రాస్తూ, నల్లటి పిల్ల మన సినిమాల్లో హీరోయిన్ ఎందుకు కాదన్న దగ్గరికి పోయేవాడు. అక్కణ్ణించి, టోలిచౌకిలో ఉండి ఫార్మసీ చదువుకుంటున్న సూడాను విద్యార్థికి ప్రతి సినిమాలోనూ మెడలో గొలుసేసి గంజాయి అమ్మేవాడి వేషమే ఎందుకిస్తారన్న దగ్గరికి. అక్కణ్ణించి, తెలంగాణ మాటని ఇన్నేళ్లూ రౌడీలకీ ఇంట్లో పనివాళ్లకీ ఎందుకు అంటగట్టారన్న దగ్గరికి. ఆ తర్వాత కులం. కులం దాకా వచ్చాక ఇక బండికి బ్రేకులుండవు. పోస్టు ముగిసేసరికి పాన్‌కేక్ ఎక్కడో, మౌళి ఎక్కడో.

శ్రీనగర్ కాలనీలో సూర్యప్రకాశరావు గారని ఒక రిటైరైన తెలుగు మాస్టారున్నాడు. ఆయన ప్రతి పోస్టు కిందా ఓపిగ్గా నాలుగు ముక్కలు రాస్తాడు. వేసవి మొదట్లో ఒకనాడు ఇలా రాశాడు: 'మౌళి గారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ మీ రాత షేర్ ఆటోలా ఉంది. చెయ్యెత్తిన ప్రతివాణ్ణీ ఎక్కించుకుంటున్నారు. చివరికి ఎక్కడికి పోవాలో డ్రైవరుకే తెలియడం లేదు. ఒక్క సంగతి పట్టుకోండి. మీ చేతికందేంత దూరంలో ఉన్నదేదైనా సరే.'

మౌళికి చిర్రెత్తుకొచ్చింది. చేతికందేంత దూరంలో ఏముంది, స్పాంజి ముక్క తప్ప? అయినా మనసులో ముల్లులా గుచ్చుకుంది ఆ మాట. ఆ వారమంతా ఒకే సంగతి మీద రాయాలని కూచోవడం, మూడో పేరాకల్లా ఆరు సంగతులు వచ్చి మీద పడటం. రాసిందల్లా చెరిపెయ్యలేక, బాగుందనుకోలేక, అలాగే పెట్టేసేవాడు. పెట్టిన పది నిమిషాలకల్లా చదివినవాళ్ల లెక్క సున్నా నుంచి ఒకటికి మారేది. రాత్రయినా, పగలైనా ఆ ఒకటి మాత్రం తప్పేది కాదు. మాస్టారికి వేరే పనేం లేదు కాబోలనుకునేవాడు.

ఆ రోజుల్లోనే వరప్రసాద్ సినిమా తగిలింది.

వరప్రసాద్ మూడు హిట్లిచ్చిన దర్శకుడు. నాలుగోది పల్లెటూరి పిల్ల కథ. పల్లెటూరి పిల్ల కాబట్టి ఎండలో తిరిగిన ఒళ్లు కావాలి. అందుకని ముంబై నుంచి మీగడలాంటి అమ్మాయిని దింపారు. మీగడకి ఎండరంగు పూయాలి. ఇదేం తిరకాసని అడిగేవాడు ఫిల్మ్‌నగర్‌లో ఎవడూ లేడు. మౌళి కూడా అడగలేదు. బ్లాగులో అడిగాడు, పనిలో అడగలేదు. ఆ ధైర్యం వేరు, ఈ ధైర్యం వేరు.

కళ్లూ పెదాలూ దిద్దడానికి ఆ అమ్మాయికి సొంత మనిషి ముంబై నుంచే వచ్చింది. ఒంటిరంగు మటుకు మౌళికి అప్పజెప్పారు. మొదటి రోజు టెస్టు చూసి వరప్రసాద్, "ఏంటయ్యా, పొయ్యిలోంచి లాగినట్టుంది," అన్నాడు. రెండో రోజు, "ఇది చాక్లెట్ యాడ్ కాదు మౌళీ," అన్నాడు. మూడో రోజు ఏమీ అనలేదు. అసిస్టెంట్ డైరెక్టర్ భావనని పిలిచి, రేపటికి కుదరకపోతే వేరేవాళ్లని చూడమన్నాడు. ఆ మాట మౌళికి వినపడేట్టే అన్నాడు.

ఆ సాయంత్రం మౌళి రంగుల పెట్టె సంకనేసుకుని జూబ్లీహిల్స్ ఎత్తు దిగి ఫిల్మ్‌నగర్ బస్తీలో తన రెండు గదుల ఇంటికొచ్చేసరికి, జగదాంబ మిషను ముందు కూచుని ఎవరిదో జాకెట్టుకి చేతులు కుడుతోంది. గుమ్మంలోంచి వెలుగు ఆవిడ ఎడమ చేతి మీద పడుతోంది. గుడ్డని ముందుకి తోస్తూ వెనక్కి లాగుతూ ఆ చెయ్యి ఆడుతోంది. మౌళి చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి అలా నిలబడిపోయాడు.

"ఏంది, గట్ల చూస్తున్నవ్? కొత్త పెండ్లాన్ని చూసినట్టు," అంది జగదాంబ తలెత్తకుండానే.

"కదలకు. చెయ్యి అలాగే ఉంచు."

"ఎందుకు, గోరింట పెడ్తవా?"

పెట్టె తెరిచి, పళ్లెంలో మూడు రంగులు తీసి, నూనె చుక్కేసి కలిపి ఆవిడ మోచేతి కింద చిన్న చుక్క పెట్టాడు. తేడా తెలుస్తోంది. కొంచెం పసుపు వేశాడు. ఇంకా తెలుస్తోంది. ఇటుకరంగు గోటితో గీకి వేశాడు. చివర్లో ఏదో తోచి, ఆకుపచ్చ, అదీ ఆవగింజంత. వేలితో రాశాడు. ఆ చుక్క ఆవిడ చేతిలో కలిసిపోయింది. ఎక్కడ పెట్టాడో తనకే కనిపించలేదు.

చామనఛాయ అని ఒక్క మాటతో సరిపెడతారు లోకులు. అందులో పసుపుందని, ఇటుకుందని, అడుగున ఆకుపచ్చ కూడా ఉందని, పాతికేళ్లకు పైగా మొహాలకి రంగులు పూసినవాడికీ, ఇరవై రెండేళ్లు ఆ చేతి అన్నం తిన్నవాడికీ ఆ రోజే తెలిసింది.

"అయిందా? అవతల గా పిల్ల జాకెట్ కోసం ఒస్తది."

"అయింది. ఎండకి ఈ రంగు పగులుతుందేమోనని చూశాను," అన్నాడు మౌళి.

అబద్ధం. ఎందుకాడాడంటే, దానికో పాత కథ ఉంది.

ఇరవై రెండేళ్ల కిందట జగదాంబ చేవెళ్ల నుంచి అక్కగారింటికి వచ్చి, ఎవరో తీసుకెళితే ఒక జాతర సీనులో గుంపులో నిలబడటానికి వచ్చింది. అప్పుడు మౌళి గుంపు మనుషులకి మేకప్ వేసే అసిస్టెంటు. పైనుంచి ఆర్డరు: ముందు వరుసలో అందర్నీ రెండు షేడులు పైకి లేపు. అంటే తెల్లబరచమని. వరుసగా స్పాంజి కొడుతూ వచ్చాడు. ఈ పిల్ల దగ్గరికి రాగానే స్పాంజి లాక్కుని కింద పడేసింది.

"నా మొఖానికి సున్నం కొడ్తున్నవా? నేనేమన్న గోడనా?"

అందరూ నవ్వారు. మేనేజరు వచ్చి, రంగేసుకోకపోతే వెనకాల చెట్టు దగ్గర నిలబడమన్నాడు. నిలబడింది. సాయంత్రం దాకా నిలబడింది. తెర మీద కనపడలేదు. ఆ తర్వాత మళ్లీ ఏ షూటింగుకీ రాలేదు. మౌళి మాత్రం ఆ పిల్ల అక్కగారిల్లు వెతుక్కుంటూ నాలుగు వారాలు తిరిగాడు. గుంటూరోడికి పిల్లనిస్తామా అని వీళ్లూ, యాసపిల్లని కోడలిగా తెస్తావా అని వాళ్లూ. రెండు వైపులా తిట్లు తిని పెళ్లి చేసుకున్నారు.

అప్పుడు ఆ రంగు పనికిరాదన్న పరిశ్రమకే, ఇప్పుడు అదే రంగు డబ్బాలో కలిపి ఇస్తున్నానని ఏ మొహంతో చెప్పాలి? బాధపడుతుంది. అందుకని ఎండకి పగులుతుందని చెప్పాడు.

మర్నాడు హీరోయిన్‌ని చూసి వరప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. "ఇదీ! ఇదయ్యా నాక్కావలసింది. మట్టివాసనొస్తోంది. ఏం షేడిది?"

"సొంతంగా కలిపాను సార్."

కలిపిన రంగు నిలవుండదు. ఒకసారి డబ్బాలోది చిక్కగా వస్తుంది, ఒకసారి పలచగా. అందుకని రోజూ తెల్లవారి పొయ్యి దగ్గర జగదాంబ కుడిచేత్తో చాయ్ కలుపుతుంటే, అదే సాకు మీద ఎడమ చెయ్యి మౌళికి అప్పజెప్పడం అలవాటైంది. అతను చుక్క పెట్టి, కలిసిపోయిందా లేదా చూసి, డబ్బాలో నింపుకునేవాడు. ఆ పది నిమిషాలు ఇద్దరూ లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకునేవారు. పక్కింటావిడ కిరాయి తగాదా, నల్లా నీళ్లు, నిన్న సెట్టులో ఎవరి మీద ఎవరు అరిచారో.

"నీ హీరోయినికి ఇంత సోకెందుకయ్యా, నా చెయ్యి అరుగుతున్నది."

"అరిగితే ఇంకోటుందిగా."

"గది చాయ్‌కు."

షాటుకీ షాటుకీ తేడా రాకుండా చూసుకునే కంటిన్యుటీ పుస్తకంలో రోజూ రంగు వివరం రాయాలి. వేరేవాళ్లయితే నంబర్లు రాస్తారు. మౌళి 'జ.ఎ.చె. ప్రకారం' అని రాసేవాడు. ఎవరూ అడగలేదు.

మే నెల వచ్చింది. జగదాంబకి సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. కళ్లద్దాలు కావాలని మూడుసార్లంది. మౌళి మూడుసార్లూ సరేనన్నాడు. ఆ రోజుల్లో అతను తెల్లతోలు పిచ్చి మీద పెద్ద పోస్టు రాస్తున్నాడు. ఇంగ్లీషువాళ్ల దగ్గర మొదలెట్టి, పెళ్లి ప్రకటనల మీదుగా, ఫెయిర్‌నెస్ క్రీముల దాకా వచ్చాడు. మధ్యలో సూడాను విద్యార్థి మళ్లీ దూరాడు. కళ్లద్దాల షాపు దాకా పోవడానికి తీరిక లేదు. "పోనీ మిషను కిటికీ దగ్గర పెట్టు, వెలుగొస్తది," అని ఆవిడంటే అది మాత్రం చేశాడు. పడమటి కిటికీ. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే దాకా ఎండ నేరుగా లోపలికొచ్చి కూచుంటుంది.

"చెయ్యి సుర్రుమంటున్నదయ్యా," అంది ఒకనాడు.

"ఊఁ," అన్నాడు మౌళి ఫోన్లోంచి తల తియ్యకుండా.

మే మూడో వారంలో బండారం బయటపడింది.

మట్టిల్లు గుమ్మం బయటి సీన్లు చేవెళ్ల దగ్గర ఒక ఊళ్లో ఏప్రిల్ ఆఖర్లోనే తీసేశారు. ఇంటి లోపలి సీన్లకి జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళా పెరట్లో మట్టిల్లు సెట్టు వేశారు. ఆ మట్టింటికి ఎంత సిమెంటు పట్టిందో ఆ దేవుడికే తెలియాలి. ఆ రోజు హీరోయిన్ ఏడుస్తూ లోపలికొచ్చే షాటు. భావన పాత షాటు పక్కనే పెట్టి చూసి, "సర్, ఒకసారి చూడండి," అంది మెల్లిగా.

గడప బయట ఉన్న పిల్ల ఒక రంగు. గడప దాటి లోపలికొచ్చిన పిల్ల ఇంకో రంగు. రెండు మెట్లు నలుపెక్కి వచ్చింది.

వరప్రసాద్ రెండుమూడుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. లైటు కాదు. కెమెరా కాదు. "మౌళీ!"

మౌళి పరిగెత్తుకొచ్చాడు. తేడా అతనికీ కనపడింది. రోజుకి వెంట్రుకవాసి చొప్పున మారుతూ వస్తే, రోజూ చూసే కంటికి ఎలా తెలుస్తుంది?

"షేడ్ ఎందుకు మార్చావు?"

"మార్చలేదు సార్."

"నంబరెంత?"

"నంబరు లేదు సార్."

భావన పుస్తకం తిరగేసింది. "సర్, ప్రతి పేజీలో సేమ్ ఉంది. 'జ.ఎ.చె. ప్రకారం' అని. ఏంటిది మౌళిగారూ, కొత్త బ్రాండా?"

మౌళి నేల చూపులు చూశాడు. "మా ఆవిడండీ."

"ఏంటీ?"

"జగదాంబ ఎడమ చెయ్యి. దాన్ని చూసి కలుపుతున్నాను."

లైటుబాయ్‌ల దగ్గర్నుంచి వంటవాళ్ల దాకా పెరడంతా గొల్లున నవ్వింది. వరప్రసాద్ ఒక్కడే నవ్వలేదు. "అయితే మీ ఆవిడ చెయ్యి మారిందా?"

"చెయ్యెందుకు మారుతుంది సార్..." అంటూనే మౌళి ఆగిపోయాడు. పడమటి కిటికీ కళ్ల ముందు కనపడింది. సుర్రుమంటోందన్న మాట, తను అన్న 'ఊఁ' కూడా వినపడ్డాయి.

"చూడు మౌళీ, రేపు తొమ్మిదింటికి ఇదే షాటు మళ్లీ తీస్తాం. నాకు గడప బయటి రంగు కావాలి. మానిటర్ చూసి కలుపుతానంటే ఒప్పుకోను, మానిటర్లో రంగు నిజం కాదని నీకూ తెలుసు. ఆ చేతినే తెస్తావో, ఏం చేస్తావో. కాకపోతే ఎల్లుండి నుంచి నువ్వు రానక్కర్లేదు. నువ్వు చేసిన నిర్వాకం ఊరంతా తెలుస్తుంది. ఇంకెవరు పిలుస్తారో చూసుకో."

ఆ సాయంత్రం మౌళి ఎత్తు దిగడానికి గంట పట్టింది. రోజూ పావుగంట దారి. పని పోవడం ఒక భయం. అంతకంటే పెద్ద భయం ఇంట్లో మిషను ముందు కూచుని ఉంది. చెయ్యి కావాలంటే చెప్పాలి. చెబితే, చెట్టు దగ్గర నిలబెట్టిన రోజు మళ్లీ తవ్వి తియ్యాలి. ఇంకెప్పుడైనా ఆ చెయ్యి చాచుతుందా?

జగదాంబ కిటికీ దగ్గరే ఉంది. ఎండ ఇంకా ఎడమ చేతి మీదే ఉంది. మౌళి వెళ్లి కిటికీ రెక్క మూశాడు.

"ఏంది, మూస్తున్నవ్? కుట్టు కనబడొద్దా?"

"జగదా, నీకో సంగతి చెప్పాలి."

చెప్పాడు. కింద కూచుని, రంగుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, మొదటి చుక్క దగ్గర్నుంచి ఇవాళ్టి నవ్వుల దాకా అంతా చెప్పాడు. ఆవిడ మిషను చక్రం మీద చెయ్యేసి వింది.

"అంటే, గా పోరి మొఖం మీద ఉన్నది నా చెయ్యా?"

"అవును."

"గీ రంగుకే కద నన్ను చెట్టు కాడ నిలబెట్టిన్రు?"

"అవును."

"ఇప్పుడు గదే రంగు డబ్బాలేసి పూస్తున్నరు?"

"అవునే."

జగదాంబ చక్రం ఒకసారి తిప్పింది. సూది కిందికి దిగి పైకొచ్చింది. గుడ్డ లేదు కింద. "మరి నాకెందుకు చెప్పలే ఇన్నొద్దులు?"

"నువ్వు కష్టపెట్టుకుంటావని."

"నేనా, నువ్వా?"

మౌళి పెట్టె మూత తెరిచి, మళ్లీ మూశాడు.

"నాకేం కష్టం? నా రంగు మీద నాకెన్నడు కష్టం లేకుండె. గప్పుడు స్పాంజి పడేసింది నేను. ఏరుకొని పట్టుకుని నిలబడ్డది నువ్వు. ఇరవై రెండేండ్ల సంది గది నీకు కుచ్చుకుంటున్నది గని, నాకు గాదు." చక్రం మీంచి చెయ్యి తీసింది. "నాకు కోపమెందుకంటే, అందరి గురించి రాస్తవ్. టోలిచౌకి పిలగాని గురించి రాసినవ్, మంచిగ రాసినవ్. మా మాట గురించి రాసినవ్. ఇంగ్లీషోళ్లను తిట్టినవ్, వాళ్లెన్నడో పోయిన్రు. నా చెయ్యి మీద ఒక్క ముక్క రాసినవా?"

మౌళి నోరు తెరిచాడు. "నువ్వు చదువుతావా? నీకు అక్షరాలే కనపడవుగా?"

"ఫోన్ల మాట్లాడే ఆమె చదువుతది. నువ్వు పెట్టంగనే నొక్కుత, మిషన్ కుట్టుకుంట ఇంట. పాపం, ఆమెకు ఊపిరి సుత అందది. నీ రాతకు చుక్కుంటే గద ఆగెటందుకు!"

ప్రతి పోస్టుకీ పది నిమిషాల్లో పడే ఆ ఒకటి. మూడేళ్ల నుంచి అది శ్రీనగర్ కాలనీలో ఉందనుకున్నాడు. గోడ అవతలే ఉందన్నమాట.

"మాస్టర్ సారు చెప్పింది గూడ ఇన్న," అంది జగదాంబ. "చేతికందే దూరంల ఉన్నది రాయమన్నడు గద. నేను గీడ్నే ఉన్న."

లేచి, గుడ్డముక్కలు దులిపి, పొయ్యి దగ్గరికి పోయింది. అక్కణ్ణించే అంది: "పొద్దుగాల ఎన్నింటికి బండి? నేను రాకుంట నా చేతినొక్కదాన్ని మోసుకపోతవా ఏంది?"

మర్నాడు జగదాంబ బాదంరంగు చీర కట్టుకుని, చెంగు భుజం చుట్టూ తిప్పుకుని షూటింగు బండిలో ముందు సీట్లో కూచుంది. నిన్న నవ్విన వాళ్లెవరూ ఇవాళ నవ్వలేదు. ఆవిడ చూపు అలాంటిది.

మేకప్ గదిలో హీరోయిన్ పక్కన కుర్చీ వేశారు. మౌళి జగదాంబ ఎడమ మోచేతి కింద చుక్క పెట్టాడు. ఎండకి మాడిన రంగే, లాభం లేదు. చెయ్యి తిప్పి లోపలి వైపు పెట్టాడు. మరీ లేత. రెంటికీ మధ్య ఎక్కడుందో ఆ ఏప్రిల్ రంగు? రెండుసార్లు కలిపాడు, తుడిచాడు. గడియారం ఎనిమిదింపావు చూపిస్తోంది. భావన తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్లింది. మౌళి నుదుటి మీంచి చెమట పళ్లెంలో పడింది.

"జర ఆగు," అంది జగదాంబ. ఎడమ చెయ్యి వెనక్కి తీసుకుని, చెంగు తప్పించి, కుడి చెయ్యి చాపింది. "కిటికీ దిక్కు గిది ఉండది. చక్రం తిప్పేది, గోడ నీడకు ఉంటది. గీ చెయ్యి ఎన్నడన్న అడిగినవా నువ్వు?"

మౌళి కుడి మోచేతి కింద చుక్క పెట్టాడు. పాత కొలతే: పసుపు, ఇటుక, ఆవగింజంత ఆకుపచ్చ. వేలితో రాశాడు. కలిసిపోయింది.

అతను కాసేపు ఆ చెయ్యి వదల్లేదు. జగదాంబ కూడా లాక్కోలేదు. "ఏడ్వకు, రంగు పలచనైతది," అంది నెమ్మదిగా.

మేకప్ అయ్యాక ముంబై అమ్మాయి ముచ్చటపడి తన చెయ్యి ఆవిడ చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. "ఆంటీ, సేమ్ టు సేమ్!"

"నై బేటీ," అంది జగదాంబ నవ్వుతూ. "తేరా ధోయే తో జాతా. మేరా నై జాతా." నీది కడిగితే పోతుంది, నాది పోదు అని. కోపంగా అనలేదు, పిల్లకి జడేస్తూ చెప్పినట్టు చెప్పింది. ఆ అమ్మాయి నవ్వబోయి, ఆగి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఉండిపోయింది.

షాటు ఓకే అయింది. గడప బయటి పిల్లా, గడప లోపలి పిల్లా ఒక్కరే అయ్యారు. వరప్రసాద్ మనసు తేలికపడింది. మనసు తేలికపడినప్పుడు దర్శకులకి దానధర్మాలు గుర్తొస్తాయి. "అమ్మా, మీరు మా పరువు కాపాడారు. మధ్యాహ్నం పేరంటం సీనుంది. మీరూ నిలబడండి," అన్నాడు.

"ముంగటనా, ఎనుకనా?" అడిగింది జగదాంబ.

వరప్రసాద్ భావన వైపు చూశాడు. ఇద్దరూ మానిటర్ వైపు చూశారు. "అంటే అమ్మా... హీరోయిన్ పక్కన అదే రంగు మొహం ఇంకోటుంటే ఆ పిల్ల తేలదు ఫ్రేములో. చుట్టూ కాస్త తెల్లగా ఉన్నవాళ్లని పెడతాం. మీరు కొంచెం వెనగ్గా..."

మౌళికి రంగుల పెట్టె విసిరికొడదామన్నంత కోపం వచ్చింది. ఇరవై రెండేళ్ల కిందట రావలసిన కోపం, ఆలస్యంగా వచ్చినా వడ్డీతో వచ్చింది. "సార్..." అంటూ ఒకడుగు ముందుకేశాడు.

జగదాంబ అప్పటికే పగలబడి నవ్వుతోంది. కళ్లనీళ్లు వచ్చేట్టు నవ్వింది. "నాకు రెండు జాకెట్లున్నయ్ సారూ, ఇంటికి పోత. నీ చెట్టు కాడ ఇంకెవరినన్న నిలబెట్టుకో." వరప్రసాద్‌కి చెట్టు సంగతి ఏం తెలుసు? చుట్టూ చెట్టు కోసం చూశాడు.

మౌళి తన మాట మింగలేదు. "సార్, ఈ రోజుకి మూడింటికల్లా నన్ను వదలాలి. టచప్‌కి కుర్రవాళ్లున్నారు. నేను మా ఆవిణ్ణి కళ్లద్దాలకి తీసుకెళ్లాలి," అన్నాడు. షూటింగు మధ్యలో సెలవడగడం అతని జన్మలో అదే మొదలు. వరప్రసాద్ ఏమనుకున్నాడో ఏమో, సరేనన్నాడు.

కళ్లద్దాల షాపులో జగదాంబ నాలుగు ఫ్రేములు పెట్టుకు చూసి, నాలుగూ బాగాలేవంది. ఐదోది పెట్టుకుని మౌళి మొహంలోకి చూసింది. "అయ్యో, గింత ముసలోడివైనవా?" అంది. షాపువాడు నవ్వాడు. మౌళి కూడా నవ్వాడు.

ఇంటికొచ్చాక మిషను కిటికీ దగ్గర్నుంచి లాగి గుమ్మం దగ్గర పాత చోటే పెట్టాడు. తర్వాత గడప మీద కూచుని ఫోను తీశాడు. మొదటి వాక్యం రాశాడు: 'మా ఆవిడ ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ ఇప్పుడు ఒక రంగు కాదు. దానికి కారణం నేను.'

రెండో వాక్యం వచ్చింది. మూడోదీ వచ్చింది. ఐదో వాక్యం దగ్గర సూడాను విద్యార్థి అలవాటుగా తలుపు కొట్టాడు. ఇంగ్లీషువాళ్లూ వచ్చి వెనకాల నిలబడ్డారు. ఉండండయ్యా, అందరికీ చోటుంది గానీ ఇవాళ కాదు, అనుకున్నాడు మౌళి. చుక్క దగ్గర మొదలెట్టి, చెట్టు దగ్గరికి పోయి, కుడి చెయ్యి దాకా వచ్చి ఆపేశాడు. ఇంతా కలిపి అరచేతిలో పట్టేంత. ఇరవై ఒక్క వాక్యాలు. ప్రతిదాని చివరా చుక్క పెట్టాడు, ఫోన్లో ఆమెకి ఊపిరందాలని.

పెట్టేసి, లోపలికి చూశాడు. జగదాంబ కొత్త కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను మొహానికి దగ్గరగా పట్టుకుని, పెదాలు కదుపుతూ తనే చదువుకుంటోంది. కూడబలుక్కుంటూ చదవడంతో ఇరవై నిమిషాలు పట్టింది. చదవడం అయ్యాక ఫోను బోర్లించి, గుడ్డ తీసుకుని, కుట్టడం మొదలెట్టింది. కాసేపటికి మిషను చప్పుడులోంచే అంది: "నువ్వంటే నేను గూడ చెట్టనే అన్న గని, చెట్టు కాదయ్యా అది. కరెంటు స్తంభం."

"చెట్టే."

"నిలబడ్డది నేను. నాకెరుక లేదా? స్తంభం."

మౌళి ఫోను తీసి దిద్దాడు.

మర్నాడు తెల్లవారి పొయ్యి దగ్గర మౌళి రంగుల పెట్టె తెరిచాడు. జగదాంబ పాలల్లో పొడి వేసి, గరిటె గిన్నెలో వదిలేసి, అతని పక్కన పీట మీద కూచుని కుడి చెయ్యి చాపింది.

"మరి చాయ్?" అన్నాడు మౌళి.

"కుడి చెయ్యి నీకిచ్చిన గద. నువ్వు కలుపు."

మౌళి ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో చుక్క పెట్టి రాశాడు. రంగు కుదిరింది. కుదిరిందా లేదా అని వంగి చూస్తుంటే చాయ్ పొంగి పొయ్యి మీదంతా పోయింది.

"ఒక్కటే పని మీద మనసుండాల్నంట, మాస్టర్ సారు చెప్పలే?" అంది జగదాంబ, చెయ్యి మాత్రం కదపకుండా.